విరగ్గొట్టాల్సింది మూడో పిన్ను కాదు

జెనీవా దగ్గర భూగర్భంలో 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో కట్టిన ఎల్‌ఈపీ అనే కణ త్వరణ యంత్రం 1990లలో ప్రపంచంలో ఆ తరహా వాటన్నిటికన్నా పెద్దది. అందులో తిరిగే ఎలక్ట్రాన్ల శక్తిని అతి కచ్చితంగా లెక్కగట్టే పనిలో ఉన్న సెర్న్ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలకు 1995లో ఒక చిక్కు వచ్చిపడింది. సొరంగంలోని అయస్కాంత క్షేత్రం పగలంతా సన్నగా వణుకుతూ ఉండేది. అర్ధరాత్రి దాటాక సద్దుమణిగేది, తెల్లవారుజామున ఐదింటి ప్రాంతంలో మళ్లీ మొదలయ్యేది. ఫ్రాన్స్‌లో రైల్వే కార్మికులు సమ్మె చేసిన రోజు మాత్రం పట్టపగలు కూడా ఆ వణుకు కనిపించలేదు. దాంతో గుట్టు బయటపడింది. జెనీవా నుంచి ప్యారిస్ వెళ్లే టీజీవీ రైళ్లు ఆ ప్రాంతంలో అప్పట్లో 1500 వోల్టుల డీసీ కరెంటుతో నడిచేవి. పట్టాల గుండా తిరిగి సబ్‌స్టేషన్‌కు చేరాల్సిన కరెంటులో కొంత నేలలోకి జారి, దారిలో తగిలిన ఒక లోహపు గొట్టాన్ని పట్టుకుని పారింది. ఆ గొట్టం ఎలక్ట్రాన్లు పరుగెత్తే బీమ్ పైపే. అందులో పారిన కరెంటు సుమారు ఒక ఆంపియర్.

నేలలో దారి తప్పిన కరెంటు యంత్రం పెద్దదా చిన్నదా అని చూడదు. సులువుగా పారడానికి ఒక లోహపు దారి దొరికితే చాలు. భీమవరం ఆక్వా ల్యాబులో పిహెచ్ మీటరును కంప్యూటరుకు కలిపే మూరెడు యూఎస్‌బీ కేబులు కూడా దానికి దారే.

పరికరం కొనేటప్పుడు మన ల్యాబుల్లో జరిగే హడావుడి అంతా ఇంతా కాదు. టెండరు, కమిటీ, మూడు కొటేషన్లు, ఏసీ గది, యూపీఎస్, దానికి బ్యాటరీలు. ఇన్‌స్టలేషన్ రోజున సర్వీస్ ఇంజినీరు వచ్చి, అట్టపెట్టెలోంచి ఒక కేబులు తీసి, ఒక కొస పరికరానికి, రెండో కొస కంప్యూటరుకు గుచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. ఆ కేబులు గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు. తర్వాత పోర్టు కాలిపోయినా, రీడింగు ఊగిసలాడినా నింద పడేది పరికరం మీదో, ప్రోబు మీదో, ఏ పాపమూ ఎరుగని టెక్నీషియన్ మీదో. ఆ కేబులు మధ్యలో ఉండాల్సిన చిన్న పెట్టె కొనుగోలు ఆర్డరులో లేకపోవడమే అసలు లోపం. దాని పేరు ఐసోలేటర్. కరెంటు బోర్డులో మెయిన్ పక్కన బిగించే ఐసోలేటర్ స్విచ్చు వేరు, ఇది వేరు. ఇది డేటాను దాటనిస్తుంది, కరెంటును దాటనివ్వదు.

ఎర్తు అంటే ఎక్కడైనా సున్నా వోల్టులే అని పాఠ్యపుస్తకం చెబుతుంది. గోడల్లోని తీగలు మాత్రం ఆ మాట వినవు. ఒకే గదిలో రెండు సాకెట్లు రెండు వేర్వేరు లైన్ల మీద, వేర్వేరు ఎర్తు తీగలతో ఉండొచ్చు. పక్క గదిలోని ఏసీ, ఆటోక్లేవు, డీప్ ఫ్రీజర్ల నుంచి లీకయ్యే కరెంటు ఆ ఎర్తు తీగల్లో ఎప్పుడూ ఎంతో కొంత పారుతూనే ఉంటుంది. దాంతో ఒక సాకెట్టు ఎర్తుకూ మరో సాకెట్టు ఎర్తుకూ మధ్య అర వోల్టో, ఒక వోల్టో తేడా పడుతుంది. నీటిమట్టాలు వేరుగా ఉన్న రెండు చెరువుల మధ్య తూము తెరిస్తే ఏం జరుగుతుందో, ఈ రెండింటినీ డేటా కేబులుతో కలిపితే అదే జరుగుతుంది. యూఎస్‌బీ, ఆర్‌ఎస్-232 కేబుళ్లలో సిగ్నల్ తీగలతోపాటు గ్రౌండు తీగ కూడా ఉంటుంది. అటు పరికరం గ్రౌండు, ఇటు కంప్యూటరు గ్రౌండు చాలాసార్లు ఎర్తు పిన్నులకే కలిసి ఉంటాయి. కేబులు గుచ్చగానే వలయం పూర్తవుతుంది. తేడా ఒక వోల్టు, వలయం మొత్తం నిరోధం ఒక ఓమ్ అనుకుంటే, సన్నటి డేటా కేబుల్లో ఒక ఆంపియర్ పారుతుంది. ఎల్‌ఈపీ గొట్టంలో పారింది కూడా అంతే. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

ఒక వోల్టుతో ఏం మునిగిపోతుంది అనుకోవచ్చు. అంకెలుగా మారిపోయిన డేటాకు నిజంగానే పెద్దగా ఏమీ కాదు. ఆర్‌ఎస్-232లో ఒకటికీ సున్నాకూ మధ్య వోల్టుల కొద్దీ తేడా ఉంటుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా అది తట్టుకుంటుంది. అసలు బాధ కొలత దగ్గర. కె-రకం థర్మోకపుల్ ఒక డిగ్రీ సెల్సియస్‌కు ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు. లూప్ వల్ల ఒక్క మిల్లీవోల్టు దొంగతనంగా చేరిందంటే ఉష్ణోగ్రత 24 డిగ్రీలు తప్పు చూపిస్తుంది. పిహెచ్ ఎలక్ట్రోడు 25 డిగ్రీల దగ్గర ఒక పిహెచ్ యూనిట్‌కు 59 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఆరు మిల్లీవోల్టులు అటూ ఇటూ అయితే పిహెచ్ 0.1 మారిపోతుంది.

ఆక్వా ల్యాబు సంగతే చూద్దాం. గాజు బీకరులో చెరువు నీళ్లు, అందులో ఒక్క పిహెచ్ ప్రోబు. ఇక్కడ గాజు అడ్డం ఉంటుంది కాబట్టి కరెంటు దారి దొరక్క ఆగిపోతుంది, రీడింగు బుద్ధిగా నిలుస్తుంది. అదే నీటిలో కండక్టివిటీ ప్రోబు, ఆక్సిజన్ ప్రోబు కూడా ముంచి, మూడు మీటర్లనూ ఒకే కంప్యూటరుకు కలిపితే కథ మారుతుంది. ఒక ప్రోబు నుంచి బయల్దేరిన కరెంటు నీటిలోంచి పిహెచ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడులోకి దూరి, మీటరులోకి, అక్కడి నుంచి కేబుల్లోకి, కంప్యూటరులోకి, చుట్టూ తిరిగి మొదటి మీటరుకు చేరుతుంది. పిహెచ్ మెల్లగా జారుతుంది లేదా గెంతుతుంది. పక్క ప్రోబు పైకి తీయగానే మళ్లీ సరైన అంకె వస్తుంది. ఇది చూసి చాలామంది ప్రోబు పాడైందని కొత్తది కొంటారు, బఫర్ సీసాలు మారుస్తారు. రొయ్యల రైతుకు ఇది చిన్న విషయం కాదు. పిహెచ్ పెరిగే కొద్దీ నీటిలోని అమ్మోనియాలో విషపు భాగం పెరుగుతుంది. చెరువుకు ఏం వేయాలి, ఎంత వేయాలి అన్నది ల్యాబు ఇచ్చే ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ తలనొప్పికి మన దగ్గర పాతుకుపోయిన చికిత్స ఒకటుంది. ప్లగ్గులోని లావు పిన్నును విరగ్గొట్టడం, లేదా త్రీపిన్ ప్లగ్గును టూపిన్‌గా మార్చే చవక అడాప్టరు తగిలించడం. లూప్ తెగుతుంది, రీడింగు కుదురుకుంటుంది. అందుకే ఈ అలవాటు చావడం లేదు. అయితే పరికరం లోపల ఇన్సులేషన్ దెబ్బతిని 230 వోల్టుల ఫేజు తీగ లోహపు బాడీకి తగిలిన రోజు, ఫ్యూజు ఎగరగొట్టాల్సిన ఆ కరెంటుకు వెళ్లే దారి ఉండదు. తడి చేతితో బాడీ ముట్టుకున్న మనిషే దారి అవుతాడు. నీళ్లు, యాసిడ్లు, తడి నేల మధ్య పనిచేసే గదిలో ఎర్తు పిన్ను తీసేయడం కన్నా పెద్ద తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. ప్రయోగశాల పరికరాల భద్రతకు ఐఈసీ 61010, మన దేశంలో ఎర్తింగ్ పద్ధతికి ఐఎస్ 3043 ప్రమాణాలు ఉన్నది ఇలాంటివి జరగకూడదనే. లూప్‌ను తెంచాల్సిందే. తెంచాల్సిన చోటు డేటా కేబులు, ప్లగ్గు కాదు.

లూప్ ఒక్కటే కాదు, దాని తమ్ముడు ఇంకొకడున్నాడు. ల్యాప్‌టాప్ చార్జింగులో ఉన్నప్పుడు దాని లోహపు అంచు మీద చేయి వేస్తే సన్నగా జిల్లుమనడం చాలామందికి అనుభవమే. టూపిన్ అడాప్టర్లలో ప్రైమరీ వైపుకూ సెకండరీ వైపుకూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా కొద్దిపాటి కరెంటు ఇటువైపు కారుతుంది. 2.2 నానోఫారడ్ కెపాసిటర్ అనుకుంటే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర అది సుమారు 0.16 మిల్లీ ఆంపియర్. ఎర్తు లేని సాకెట్టులో పెట్టిన డెస్క్‌టాప్‌దీ ఇదే తంతు. ఫిల్టరులోని కెపాసిటర్లు దాని బాడీని సరఫరాలో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుస్తాయి. కరెంటు తక్కువే కాబట్టి మనిషికి చురుక్కుమని వదిలేస్తుంది. అదే సీరియల్ కేబులును పరికరానికి గుచ్చే క్షణంలో గ్రౌండు పిన్ను కన్నా ముందు డేటా పిన్ను తగిలితే, ఆ సెగ నేరుగా లోపలి చిప్ మీద పడుతుంది. ఆర్‌ఎస్-232 రిసీవరు తట్టుకోవాల్సింది 25 వోల్టుల వరకే. కరెంటు ఉండగా కేబులు గుచ్చితే పోర్టు పోతుందని పాత టెక్నీషియన్లు హెచ్చరించేది ఇందుకే. ఆ మాటలో మూఢనమ్మకం ఏమీ లేదు.

ఐసోలేటర్ పని సూత్రం సులువైనదే. అటు వైపు విద్యుత్తు, ఇటు వైపు విద్యుత్తు, నడుమ లోహం లేని అడ్డుగోడ. సమాచారం ఆ గోడను వేరే రూపంలో దాటుతుంది. అన్నిటికన్నా పాత పద్ధతి వెలుగు. ఒక ఎల్‌ఈడీ వెలిగి ఆరుతుంటే ఎదురుగా ఉన్న ఫోటో ట్రాన్సిస్టర్ దాన్ని చదువుతుంది. దీనికి ఆప్టోకప్లర్ అని పేరు, ఆలోచన 1963 నాటిది. తర్వాత చిప్ లోపలే చిన్న తీగచుట్టలు పెట్టి అయస్కాంత క్షేత్రంతో దాటించేవి, సన్నటి సిలికా పొరల కెపాసిటర్లతో దాటించేవి వచ్చాయి. చవక ఆప్టోకప్లరుకు వేగం తక్కువ. సెకనుకు 9600 బిట్ల దగ్గర బాగానే ఉన్నది 1,15,200 దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. 6ఎన్137 లాంటి రకాలు సెకనుకు కోటి బిట్ల దాకా దాటిస్తాయి. ఏ రకం కొన్నా అడ్డుగోడకు అవతలి వైపు సర్క్యూటు నడవడానికి విడిగా కరెంటు కావాలి. ఆ కరెంటు కూడా గోడను ముట్టుకోకుండా రావాలి. దుకాణాల్లో అమ్మే చవక పెట్టెలు బోల్తా పడేది ఇక్కడే.

సీరియల్ పోర్టునే తీసుకుందాం. 1960లో పుట్టిన ఆర్‌ఎస్-232 ఇప్పటికీ ల్యాబు బ్యాలన్సుల వెనక, టైట్రేటర్ల వెనక, రక్తపరీక్షల అనలైజర్ల వెనక బతికే ఉంది. తొమ్మిది పిన్నుల కనెక్టరులో 2, 3 డేటాకు, 5 గ్రౌండుకు. చవకగా దొరికే ఐసోలేటర్లు చాలా వరకు పోర్టు నుంచే కరెంటు లాక్కుంటాయి. డీటీఆర్, ఆర్‌టీఎస్ అనే సంకేత తీగల మీద సాఫ్ట్‌వేర్ వోల్టేజీ పెడితేనే వాటికి ప్రాణం. బ్యాలన్సు నుంచి మూడు తీగలే వస్తుంటే, లేదా సాఫ్ట్‌వేర్ ఆ రెండు తీగల్ని పట్టించుకోకపోతే, ఐసోలేటర్ చచ్చినట్టు పడి ఉంటుంది. టెక్నీషియన్ దాన్ని పీకి డ్రాయరులో పడేస్తాడు. ఇంకో తిరకాసూ ఉంది. కొన్ని పెట్టెలు 2, 3 తీగల్ని మాత్రమే విడదీసి దాటిస్తాయి. అవతలి పరికరం ఆర్‌టీఎస్, సీటీఎస్ సంకేతాల కోసం కాచుకు కూర్చునే రకమైతే ఒక్క అక్షరం కూడా రాదు. కాబట్టి కొనే ముందు మాన్యువల్లో ఒక్క పేజీ చదవాలి. ఏ తీగలు వాడుతోంది, ఎంత వేగం, హ్యాండ్‌షేక్ ఉందా లేదా. విడిగా అడాప్టరు పెట్టుకునే రకం కొంటే సగం గొడవ తప్పుతుంది.

యూఎస్‌బీ గొడవ వేరు. 1996లో వచ్చిన యూఎస్‌బీలో ఒకే తీగల జత మీద డేటా అటూ ఇటూ నడుస్తుంది. ఎప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో తెలిస్తే తప్ప మధ్యలో గోడ కట్టలేరు. మామూలు ఆప్టోకప్లర్ అక్కడ పనికిరాదు. అనలాగ్ డివైసెస్ సంస్థ ఏడీయూఎం4160 లాంటి చిప్పులు తెచ్చాకే చవకైన యూఎస్‌బీ ఐసోలేటర్లు మార్కెట్లో కనిపించాయి. వాటి వేగం సెకనుకు 12 మెగాబిట్లు. పిహెచ్ మీటరుకు, డేటా లాగరుకు అది చాలు. మైక్రోస్కోపు కెమెరాకు, ఆసిలోస్కోపుకు చాలదు. సెకనుకు 480 మెగాబిట్ల వేగాన్ని విడదీసే చిప్పులు ఈ మధ్యే వచ్చాయి, ధరా ఎక్కువే. ఇక కరెంటు. మామూలు యూఎస్‌బీ పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. పావలా పెట్టెలో ఉండే ఒక వాట్ పవర్ మాడ్యూలు 5 వోల్టుల దగ్గర ఇవ్వగలిగింది 200 మాత్రమే. పోర్టు నుంచే కరెంటు తీసుకునే పరికరం దాంతో లేచి కూర్చోదు. కంప్యూటరు తెర మీద పరికరం గుర్తుపట్టలేదని వస్తుంది, నింద మళ్లీ డ్రైవరు మీదకు పోతుంది.

అమ్మకపు ప్రకటనలో 2500 వోల్టులు తట్టుకుంటుందని రాసి ఉంటుంది. అది చిప్ సంగతి. దాని పక్కనే సోల్డరు చేసిన చిన్న పవర్ మాడ్యూలు తట్టుకునేది చాలాసార్లు వెయ్యి, పదిహేను వందల వోల్టులే. రెండిట్లో ఏది తక్కువైతే అదే ఆ పెట్టె అసలు సత్తా. పెట్టె విప్పి చూస్తే ఇంకో సంగతీ తెలుస్తుంది. మంచి బోర్డు మీద చిప్ కింద రాగి లేకుండా తెల్లగా ఒక కాలిబాట వదిలి ఉంటుంది. అటు ఇటు భాగాల్ని కలిపే గీత ఒక్కటీ ఉండదు. దాన్ని తీసుకెళ్లి లోహపు డబ్బాలో బిగించి, రెండు వైపుల యూఎస్‌బీ సాకెట్ల తొడుగులూ అదే రేకుకు తగిలేలా పెడితే, అంత కష్టపడి కట్టిన గోడకు పక్కనుంచే దారి తెరిచినట్టే. విడదీసిన రెండు గ్రౌండ్లూ రేకు గుండా చేతులు కలుపుతాయి. ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టుల్లో, చిన్న వర్క్‌షాపుల్లో తరచూ జరిగే పొరపాటు ఇది. ప్లాస్టిక్ డబ్బా వాడితే పోతుంది.

బిగించే పద్ధతిలో పెద్ద విద్య ఏమీ లేదు, ఓపిక కావాలి. ముందు డేటా కేబులు తీసేసి, పరికరం బాడీకీ కంప్యూటరు బాడీకీ మధ్య మల్టీమీటరుతో ఏసీ వోల్టేజీ చూడాలి. ఒకటి రెండు వోల్టుల లోపు ఉంటే ఐసోలేటరుతో పని జరుగుతుంది. అరవయ్యో, వందో చూపిస్తే అక్కడ ఎక్కడో ఎర్తు అసలు లేదని అర్థం. అలాంటి చోట ఐసోలేటర్ బిగించి చేతులు దులుపుకోకూడదు, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. బిగించాక, అన్ని ప్లగ్గులూ సాకెట్ల నుంచి పీకేసి, అటు గ్రౌండుకూ ఇటు గ్రౌండుకూ మధ్య కంటిన్యుటీ చూడాలి. మీటరు బీప్ అంటే ఇంకెక్కడో దారి మిగిలి ఉంది. ఎక్కువసార్లు ఆ దారి రెండో కేబులే. యూఎస్‌బీకి ఐసోలేటర్ పెట్టి, అదే పరికరం నుంచి అదే కంప్యూటరుకు ఇంకో సీరియల్ కేబులో, రికార్డరు తీగో మామూలుగా వదిలేస్తారు. ఒక తలుపుకు తాళం వేసి రెండోది తెరిచి ఉంచి ప్రయోజనం లేదు. కేబులు షీల్డును కూడా ఒక్క వైపే కలపాలి. చివరగా తెలిసిన బరువు, తెలిసిన బఫరు పెట్టి, డిస్‌ప్లే మీది అంకెనూ ఫైల్లో పడ్డ అంకెనూ పోల్చి చూసుకుని పుస్తకంలో రాసుకోవాలి.

అసలు లూప్ ఉందో లేదో పైసా ఖర్చు లేకుండా తేల్చే పరీక్ష కూడా ఒకటుంది. ల్యాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద నడపాలి. రీడింగు కుదుటపడితే దోషం ప్రోబుది కాదు.

మనిషి ఒంటికి తీగలు తగిలించే చోట మాత్రం ఈ సరదాలేవీ కుదరవు. ఏడీ8232 అనే చిన్న బోర్డుతో ఈసీజీ తీయడం ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇష్టమైన ప్రాజెక్టు. ఛాతీకి మూడు స్టిక్కర్లు అంటించుకుని, బోర్డును యూఎస్‌బీ గుండా చార్జింగులో ఉన్న ల్యాప్‌టాపుకు కలిపేస్తారు. వైద్య పరికరాలకు వర్తించే ఐఈసీ 60601 ప్రమాణం ప్రకారం, అంతా సవ్యంగా ఉన్నప్పుడు శరీరానికి తగిలే భాగం నుంచి లీకయ్యే కరెంటు 100 మైక్రో ఆంపియర్లు దాటకూడదు. గుండెకు నేరుగా తగిలేదైతే 10 కూడా దాటకూడదు. పైన లెక్కవేసిన టూపిన్ అడాప్టరు మామూలుగానే 160 ఇవ్వగలదు. చవక అడాప్టరు లోపల కెపాసిటర్ షార్టయితే ఎంత వస్తుందో ఊహించడానికి లెక్క అక్కర్లేదు. ఈ ప్రాజెక్టుకు బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్, లేదా బ్లూటూత్ బోర్డు తప్పనిసరి చేయాలి. వెయ్యి రూపాయల ఐసోలేటర్ బోర్డును ఇక్కడ నమ్ముకోవడం కూడా తప్పే. వైద్య అవసరానికి ధ్రువీకరణ పొందినదే వాడాలి. గైడుగా సంతకం పెట్టే అధ్యాపకుల బాధ్యత ఇది.

పిడుగు విషయంలోనూ భ్రమలు అక్కర్లేదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పిడుగు పడినచోట నేల వోల్టేజీ ఒక్కసారిగా లేస్తుంది, ఒక భవనం ఎర్తుకూ పక్క భవనం ఎర్తుకూ మధ్య తేడా వేల వోల్టులు దాటుతుంది. బల్ల మీది ఐసోలేటర్ దాన్ని ఆపలేదు. సర్జ్ ప్రొటెక్టర్లు కావాలి. రెండు భవనాల మధ్య రాగి తీగ బదులు ఆప్టికల్ ఫైబర్ వేయాలి. ఫైబర్ గాజు కాబట్టి కరెంటుకు అసలు దారే ఉండదు, అంతకు మించిన ఐసోలేటర్ లేదు. అలాగని ఫైబర్ వేస్తే ఇక చూసుకోనక్కర్లేదు అనుకోకూడదు. ఇటలీలోని గ్రాన్ సాసోలో ఒపెరా ప్రయోగం 2011లో న్యూట్రినోలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందు వచ్చాయని ప్రకటించి ప్రపంచాన్ని కుదిపేసింది. జీపీఎస్ సమయాన్ని తెచ్చే ఒక ఫైబర్ కనెక్టరు సరిగా బిగించకపోవడమే ప్రధాన కారణమని మరుసటి ఏడాది తేలింది. ఐన్‌స్టీన్ తప్పని తేల్చడానికి ముందు స్క్రూ బిగిసిందో లేదో చూసుకోవాలన్నమాట.

ఎర్తింగ్ బాగుంటే ఈ పెట్టెలన్నీ ఎందుకు అనే వాదన తరచూ వినిపిస్తుంది, ముఖ్యంగా ఎలక్ట్రికల్ విభాగాల నుంచి. ఆ వాదనలో సగం నిజం. బొగ్గు, ఉప్పు పోసి తవ్విన ఎర్తు గుంతకు ఎండాకాలంలో నీళ్లు పోయించే దిక్కు లేని చోట, ముందు ఆ పని చేయించాల్సిందే. అది ప్రాణాలు కాపాడే పని. కానీ ఎంత మంచి ఎర్తయినా తీగకు నిరోధం ఉంటుంది, అందులో లీకేజీ కరెంటు పారుతుంది, మిల్లీవోల్టుల తేడా మిగులుతుంది. పిహెచ్ ఎలక్ట్రోడుకు ఆ మిల్లీవోల్టులే చాలు. రెండూ కావాలి, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు అనడం కుదరదు. ఇక ఈథర్నెట్ పోర్టు ఉన్న పరికరం దొరికితే అదే కొనడం మేలు. ఐట్రిపుల్ఈ 802.3 ప్రమాణం ప్రకారం ఆ పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్ పుట్టుకతోనే ఉంటుంది, నిమిషం పాటు 1500 వోల్టుల పరీక్షకు నిలబడుతుంది. షీల్డు లేని మామూలు కేబులు వాడితే చాలు.

హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ పరవాడ వైపు ఉన్న ఔషధ కంపెనీలకు ఇది ఇంకా దగ్గరి సంగతి. అమెరికాకు మందులు పంపేవారు అక్కడి ఎఫ్‌డీఏ పెట్టిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నిబంధనలకు 1997 నుంచి లోబడాల్సిందే. ఎలక్ట్రానిక్ రికార్డు నమ్మదగ్గదిగా ఉండాలన్నది వాటి సారం. బ్యాలన్సు నుంచి సీరియల్ తీగ మీద వచ్చే అక్షరాలకు కాపలా సాధారణంగా ఒక్క ప్యారిటీ బిట్టే, చాలాచోట్ల అదీ ఉండదు. రెండు బిట్లు ఒకేసారి తిరగబడితే ప్యారిటీ పట్టుకోలేదు. సాఫ్ట్‌వేరు మీద, పాస్‌వర్డుల మీద, ఆడిట్ ట్రెయిల్ మీద కోట్లు పెట్టిన చోట, ఆ డేటా పుట్టి నడిచి వచ్చే తీగ మీద కొన్ని వేలు పెట్టడానికి వెనకాడటంలో అర్థం లేదు. వైర్‌లెస్ పెడితే పోతుంది కదా అంటారు కొందరు. చిన్న ల్యాబుకు అది మంచి దారే. మధ్యలో తెగే లింకుకు, కనిపించకుండా పోయిన ఒక్క రీడింగుకు ఆడిటర్ ముందు వివరణ రాయాల్సిన చోట మాత్రం తీగే నయం.

చేయాల్సింది పెద్దదేమీ కాదు. విశ్వవిద్యాలయాలు, జిల్లా ఆసుపత్రులు, భూసార, నీటి పరీక్షా కేంద్రాలు ఇకపై ఏ పరికరానికి టెండరు పిలిచినా అందులో రెండు వాక్యాలు చేర్చాలి. డేటా పోర్టు ఐసోలేటెడ్ అయి ఉండాలి, లేదా సరఫరాదారు తగిన ఐసోలేటరును బిగించి, ఎర్తుల మధ్య వోల్టేజీ కొలిచి, ఇన్‌స్టలేషన్ రిపోర్టులో రాసి ఇవ్వాలి. ఇప్పటికే ఉన్న ల్యాబుల్లో అధిపతులు ఒక మధ్యాహ్నం మల్టీమీటరు పట్టుకుని బల్లలన్నీ చుట్టి రావాలి. మూడో పిన్ను విరిగిన ప్లగ్గు ఏది కనిపించినా అప్పటికప్పుడు మార్పించాలి, త్రీపిన్‌ను టూపిన్‌గా మార్చే అడాప్టర్లన్నీ చెత్తబుట్టలో వేయించాలి.